టీవీలో బౌలింగ్ బంతి చివర్లో అంతలా తిరుగుతుంది, నాది ఎందుకు తిరగదు?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక మాల్‌లో నెలకి రెండుసార్లు ఫ్రెండ్స్‌తో బౌలింగ్ ఆడతాను. టీవీలో ఆటగాళ్ళు వేసే బంతి గట్టర్ (లేన్ పక్కనుండే కాలువ) అంచుదాకా వెళ్ళి, ఇక పడిపోయింది అనుకునేసరికి లోపలికి తిరిగి పిన్నుల్ని కొడుతుంది. నేను మణికట్టు ఎంత మెలితిప్పినా నాది దారం పట్టినట్టు తిన్నగా పోతోంది. వాళ్ళ బంతుల్లో ఒక పక్కన బరువు పెడతారని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? అలాంటి బంతి కొనుక్కుంటే నాకూ తిరుగుతుందా?

సమాధానం:

మీ ఫ్రెండ్ పూర్తిగా తప్పు చెప్పలేదు గానీ, వేరే ఆటతో కలిపేశాడు. కావాలని ఒక పక్కకి ఒరిగేలా చేసే బంతులు లాన్ బౌల్స్‌లో ఉంటాయి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన అమ్మాయిలు నలుగురు స్వర్ణం గెలిచారు చూడండి, ఆ ఆట. అక్కడ బంతి నిండు గోళం కాదు, ఆకారంలోనే ఓ పక్కకి తేడా ఉంటుంది. అందుకే వేగం తగ్గేకొద్దీ ఆ పక్కకి వంగుతూ పోతుంది. మీరు ఆడేది టెన్‌పిన్. ఇక్కడ బంతి గుండ్రంగానే ఉండాలి. వేళ్ళకి రంధ్రాలు వేశాక రెండు సగాల మధ్య బరువు తేడా 3 ఔన్సులు దాటకూడదు. 15 పౌండ్ల బంతిలో 3 ఔన్సులంటే ఎనభయ్యో వంతు. అంత తేడాతో ఏ బంతీ గట్టర్ అంచునుంచి వెనక్కి రాదు.

నా సంగతి ఒక్క ముక్కలో: మెకానికల్ ఇంజనీర్ని, డాలస్ దగ్గర ఉంటాను, పద్నాలుగేళ్ళుగా వారానికో రోజు లీగ్ ఆడుతున్నాను. అమెరికాలో ఈ ఆటకి నియమాలు రాసే యూఎస్‌బీసీ ఆఫీసు మాకు పక్కనే ఆర్లింగ్టన్‌లో ఉంది. మా నాన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వయసులో బౌలింగేంట్రా, మోకాళ్ళు పోతాయి" అంటారు. ఆయన మనసులో ఉన్నది క్రికెట్. నిజానికి మీ ప్రశ్నకి సగం జవాబు ఆయన పొరపాటులోనే ఉంది.

స్పిన్నర్ బంతి వేస్తాడు. గాలిలో కొద్దిగా పక్కకి కొట్టుకుపోయినా, అసలు తిరుగుడు పిచ్ మీద పడ్డాకే. వేళ్ళతో ఇచ్చిన స్పిన్ అంతసేపూ బంతిలో ఉంది, కానీ పట్టు దొరకలేదు. నేల తగలగానే పట్టు దొరికింది, తిరిగింది. మన లేన్ మీద కూడా "గాలి" ఒకటి, "పిచ్" ఒకటి ఉన్నాయి. ఫౌల్ లైన్ (బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్నుకి 60 అడుగులు. అందులో మొదటి 40 అడుగుల దాకా నూనె రాసి ఉంటుంది. మినరల్ ఆయిల్, లేన్ మొత్తానికి కలిపి రెండు పెద్ద చెంచాలకి మించదు. కంటికి కనపడదు. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లినట్టు యంత్రంతో పలచగా పూస్తారు. చివరి 20 అడుగులు పొడి. మొదటిది గాలి, రెండోది పిచ్.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, భయపడకండి, కూడికలూ భాగహారాలే.

బంతి వ్యాసం దాదాపు 21.6 సెంటీమీటర్లు, చుట్టుకొలత 68. మంచి ఆటగాడు సెకనుకి 8.5 మీటర్ల వేగంతో వదులుతాడనుకుందాం. ఆ వేగంతో అది జారకుండా దొర్లాలంటే సెకనుకి పన్నెండున్నర చుట్లు, అంటే నిమిషానికి 750 చుట్లు తిరగాలి. లీగ్‌లో బాగా ఆడేవాడు చేత్తో ఇవ్వగలిగేది 300 చుట్లు. అంటే బంతి వెళ్ళాల్సిన వేగంతో వెళ్తోంది, తిరగాల్సినంత తిరగట్లేదు. బురదలో దిగబడ్డ ట్రాక్టర్ చక్రం తిరుగుతుంది గానీ కదలదు. ఇది దానికి తలకిందులు: బ్రేకు పట్టేసిన బస్సు వాన రోడ్డు మీద జారుతున్నట్టు, కదలిక ఎక్కువ, తిరగడం తక్కువ. కిందనున్న ఘర్షణ ఈ తేడాని చెరిపేసేదాకా ఊరుకోదు. ముందుకు పోయే వేగాన్ని తగ్గిస్తుంది, తిరిగే వేగాన్ని పెంచుతుంది. అందుకే చేతి నుంచి 300తో బయల్దేరిన బంతి పిన్నుల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 600 చుట్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. పోనుపోను స్పిన్ తగ్గుతుందనే అందరూ అనుకుంటారు. నేనూ మొదటి రెండేళ్ళు అలాగే అనుకున్నాను.

తిరగడమంతా ముందుకే అయితే బంతి తిన్నగా పోతుంది. ఆటగాడు చేసే కిటుకు, తిరిగే అక్షాన్ని కాస్త పక్కకి పెట్టడం. 45 డిగ్రీలు అనుకోండి. అప్పుడు బంతి అడుగు భాగం లేన్ మీద రాసుకునే దిశ వంకరగా ఉంటుంది. ఘర్షణ ఎప్పుడూ రాసుకునే దిశకి ఎదురుగా తోస్తుంది కాబట్టి, ఒకే తోపులో కొంత వెనక్కి, కొంత ఎడమకి లాగుతుంది (కుడిచేతి వాటం వాళ్ళకి). ఆ ఎడమ లాగుడే హుక్. నున్నటి గోళం మీద ఘర్షణ మారకుండా ఉంటే ఈ దారి పారబోలా అవుతుంది. బిలియర్డ్స్ బంతుల మీద ఈ సంగతి ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లోనే తేల్చేశాడు. జారడం ఆగి దొర్లడం మొదలయ్యాక ఇక వంపు ఉండదు, నేరుగా పోతుంది.

నూనె ఉన్నచోట ఘర్షణ గుణకం సుమారు 0.04, పొడి మీద 0.2 అని తీసుకుని లెక్క వేస్తే ఇలా వస్తుంది. మొదటి 40 అడుగుల్లో బంతి పక్కకి జరిగేది దాదాపు 16 సెంటీమీటర్లు. చివరి 20 అడుగుల్లో 40 సెంటీమీటర్లు. మూడింట రెండు వంతుల దారిలో జరిగినదానికి రెండున్నర రెట్లు మిగతా ఒక్క వంతులో జరుగుతుంది. మీరు టీవీలో చూసి ఆశ్చర్యపోయేది ఇదే. "సడన్‌గా తిరిగింది" అనిపిస్తుంది గానీ, అది మొదటినుంచీ తిరుగుతూనే ఉంది. పట్టు ఐదు రెట్లు పెరగడంతో మన కంటికి ఆనింది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. జారడం ఆగాక బంతి ఎంత కోణం తిరిగి ఉంటుందో అదే లెక్క చెబుతుంది. నిండు గోళానికి, తుది వేగం అంటే మొదట విసిరిన వేగంలో ఏడింట ఐదు వంతులు, దానికి స్పిన్ వేగంలో ఏడింట రెండు వంతులు కలపాలి, అంతే. స్పిన్ వేగం అంటే బంతి అంచు తిరిగే వేగం. మన 300 చుట్ల బంతికి అది సెకనుకి 3.4 మీటర్లు. 45 డిగ్రీల్లో ముందుకీ పక్కకీ సమానంగా విడగొడితే (సగం కాదు, √2తో భాగించాలి) చెరో 2.4. పక్కకి వచ్చే వేగం 0.69, ముందుకు 6.76. కోణం 5.8 డిగ్రీలు.

ఈ లెక్కలో ఘర్షణ గుణకం ఎక్కడైనా కనపడిందా? లేదు. నూనె ఎంత పూసినా, బంతి ఎంత గరుకుదైనా, దొర్లడం మొదలయ్యే సమయం దొరికితే చాలు, తిరిగే కోణం అదే 5.8. మా ఎన్నారైల భాషలో చెప్పాలంటే ఇది డాలర్లు రూపాయల్లోకి మార్చుకోవడం లాంటిది. మారకం రేటు బంతి ఆకారమే ఖాయం చేసేసింది, ఏడింట రెండు. ఘర్షణ కౌంటర్లో కూర్చున్న గుమాస్తా. పొడి లేన్ మీద చకచకా మారుస్తాడు, నూనె మీద నింపాదిగా మారుస్తాడు. మీ జేబులో ఎన్ని డాలర్లున్నాయన్నది ఆయన చేతిలో లేదు. అది మీ వేళ్ళ పని.

మీ సంగతి చూద్దాం. మాల్‌లో అలవాటుగా ఆడేవాళ్ళు ఇచ్చే స్పిన్ 100 చుట్ల దగ్గర ఉంటుంది. 7 మీటర్ల వేగంతో వేస్తే, అక్షం సరిగ్గా 45 డిగ్రీలు పెట్టినా మొత్తం తిరుగుడు రెండున్నర డిగ్రీలు. అదీ బంతి పూర్తిగా దొర్లేదాకా వస్తే. అక్కడి ర్యాకులో ఉండేవి పాలియెస్టర్ బంతులు. నున్నగా ఉంటాయి, నూనె పీల్చవు, చాలాసార్లు ఇంకా జారుతూ ఉండగానే పిన్నుల్ని తగులుతాయి. అందువల్ల ఆ రెండున్నరలో కూడా మీకు సగమే దక్కుతుంది. దారం పట్టినట్టు కనిపించడంలో వింతేముంది?

అదే రెండు చేతులతో వేసే వాళ్ళని చూడండి. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటీ బొటనవేలు రంధ్రంలో పెట్టడు, రెండు చేతులతో పట్టుకుని వదులుతాడు. అలా వేస్తే 500 చుట్లు సులువుగా వస్తాయి. అదే లెక్కలో పెడితే 9 డిగ్రీల తిరుగుడు. అంత తిరుగుడు చేతిలో ఉన్నవాడు బంతిని ముందు 3 డిగ్రీలు బయటికి, గట్టర్ వైపుకి వేయగలడు. వెనక్కి తిరిగి 6 డిగ్రీలతో లోపలికి వస్తుంది. మొదట అటు వేసేది చూపరుల కోసం కాదు, దానికో అవసరం ఉంది.

ఆ 6 డిగ్రీల అవసరం ఏమిటో చెబుతాను. కుడిచేతివాళ్ళకి కొట్టాల్సిన చోటు 1, 3 పిన్నుల (అన్నిటికంటే ముందున్నదీ, దాని వెనక కుడిపక్కదీ) మధ్య సందు, పాకెట్ అంటాం. లేన్ వెడల్పు 105 సెంటీమీటర్లే కాబట్టి, కుడి గట్టర్ పక్కనే నిలబడి తిన్నగా వేసినా పాకెట్‌లోకి వచ్చే కోణం ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. అలా వచ్చిన బంతి 1వ పిన్నుని తగలగానే కుడికి తప్పుకుంటుంది. పిన్ను బరువు కిలోన్నర పైనే, మరీ తేలిక కాదు. 6 డిగ్రీలతో వస్తే ఆ దెబ్బ తిన్నాక కూడా లోపలికి పోయే ఊపు మిగులుతుంది. చక్కటి స్ట్రైక్‌లో (ఒక్క బంతికే పది పిన్నులూ పడటం) బంతి తాకేది నాలుగే పిన్నుల్ని: 1, 3, 5, 9. మిగతా ఆరూ ఒకదాన్నొకటి కొట్టుకుని పడతాయి. 1 వెళ్ళి 2ని, 2 వెళ్ళి 4ని, 4 వెళ్ళి 7ని. అటు 3 వెళ్ళి 6ని, 6 వెళ్ళి 10ని. 5 వెళ్ళి 8ని. బంతి 5ని అందుకోలేనంతగా పక్కకి తప్పుకుందా, గొలుసు అక్కడే తెగింది. బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పై హుక్ లెక్కలో బంతి బరువు ఎక్కడా రాలేదు, కొట్టివేతల్లో పోతుంది. పిన్నుల దగ్గర మాత్రం అదే కీలకం. నియమం ప్రకారం 16 పౌండ్లు దాటకూడదు. భుజం లాగకుండా మోయగలిగినంత బరువు తీసుకోండి.

మరి బంతి కొనడం దండగా అంటే, కాదు. గుమాస్తా సంగతి చెప్పానుగా, కొనేది ఆయన్నే. ఎక్కడ, ఎంత త్వరగా మార్చాలో తేల్చేది బంతి పైపొర. ఈ ఆట చరిత్రంతా పైపొర చరిత్రే. మొదట చెక్క, 1900ల మొదటి దశకంలో గట్టి రబ్బరు, తర్వాత పాలియెస్టర్. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ తన పాలియెస్టర్ బంతుల్ని రసాయనంలో నానబెట్టి పైపొర మెత్తబరిచాడు. మెత్తటి పొర లేన్‌ని పట్టుకుంది. ఆ ఒక్క ఏడాదిలో ఆరు టైటిళ్ళు గెలిచాడు. ఆ తర్వాతే బంతి ఇంతకంటే మెత్తగా ఉండకూడదని గట్టిదనానికి హద్దు పెట్టారు. 1980ల మొదట్లో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాయి. ఈ చివరిదానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, అడుగున ఉన్న నూనెని పీల్చేసి పొడి పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇవాళ టీవీలో చూసేవి ఎక్కువగా ఇవే. ఒక పాతిక గేములయ్యాక చేత్తో ముట్టుకుంటే నూనె పీల్చి బరువెక్కిన ముంతలా జిడ్డుగా ఉంటుంది. వేసే ముందు ప్రతిసారీ తువ్వాలుతో తుడవకపోతే డబ్బులు పెట్టి పాలియెస్టర్ కొన్నట్టే. పైపొరని గరుకు ప్యాడ్‌తో రుద్దితే స్వభావం మారిపోతుంది. 500 నంబరు ప్యాడ్‌తో రుద్దిన బంతి తొందరగా పట్టుకుంటుంది, 4000తో నున్నగా చేసింది ఆలస్యంగా. ఇన్నేళ్ళలో నాకర్థమైనదేమిటంటే, కొత్త బంతి కొనేబదులు ఉన్నదాన్ని రుద్దుకుంటే సగం సమస్యలు తీరతాయి.

ఇక లోపల ఉండే కోర్. మీ ఫ్రెండ్ విన్నది బహుశా దీని గురించే. బరువు ఓ పక్కన ఉండదు, మధ్యలోనే ఉంటుంది. కానీ దాని ఆకారం బల్బులాగో దీపపు సెమ్మెలాగో ఉంటుంది. బరువు నడిమికి దగ్గరగా ఉంటే బంతి తొందరగా చుట్లు అందుకుంటుంది, అంచుకి దగ్గరగా ఉంటే ఆలస్యంగా. ఈ కొలతని ఆర్‌జీ అంటారు. 2.46 నుంచి 2.80 అంగుళాల మధ్య ఉండాలని నియమం. రెండు కొసలకీ తేడా ఉంది గానీ, బంతి దొర్లడం మొదలయ్యే సమయంలో పదో వంతు అటూ ఇటూ, అంతకంటే పెద్ద మాయ లేదు. కోర్ చేసే అసలు మేలు వేరే. ఆకారం అన్ని వైపులా ఒకేలా లేదు కనక తిరిగే అక్షం బొంగరం తల ఊపినట్టు మెల్లగా జరుగుతుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ బంతి మీది కొత్త గీత లేన్‌ని తాకుతుంది, నూనె అంటిన చోటే మళ్ళీ మళ్ళీ తాకదు. వెనక్కి వచ్చిన బంతిని దీపం కింద పెట్టి చూడండి, నూనె చారలు విసనకర్ర మడతల్లా విడివిడిగా కనపడతాయి. పాలియెస్టర్ బంతి మీదైతే చారలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే మందపాటి పట్టీ ఉంటుంది.

కానీ "ఎక్కువ పట్టు ఉన్న బంతి అంటే ఎక్కువ హుక్" అనుకుని కొనకండి. నేను ఆ తప్పు చేశాను. కొన్నేళ్ళ కింద హైదరాబాద్ వస్తూ, 500తో రుద్దిన 15 పౌండ్ల రియాక్టివ్ బంతిని సూట్‌కేసులో వేసుకొచ్చాను. ఇరవై మూడు కిలోల్లో ఏడు కిలోలు దానికే పోయాయి, ఇంట్లో జరిగిన గొడవ సంగతి వదిలేద్దాం. ఒక మాల్‌లో మేనల్లుడి ముందు గొప్పగా వేశాను. ఆ లేన్ మీద నూనె ఎప్పుడు పూశారో గానీ, ముందునుంచీ ఎండిపోయి ఉంది. బంతి పాతిక అడుగుల్లోపే దొర్లడం మొదలుపెట్టి, అక్కణ్ణుంచి తిన్నగా వెళ్ళి ఎడమ గట్టర్‌లో పడింది. తర్వాత కాగితం మీద వేసుకుంటే సరిగ్గా అలాగే రావాలి. లేన్ అంతా పొడిగా ఉంటే జారడం 24 అడుగుల్లో అయిపోతుంది, మిగతా 36 అడుగులు 6 డిగ్రీల వాలులో పోతే పక్కకి జరిగేది మీటరు పైన. లేన్ వెడల్పే అంత. స్పిన్ అదే, కోణం అదే, తిరిగిన చోటే తప్పు. మావాడు "మావయ్యా, నీ బంతికి ఇంకా జెట్‌లాగ్ పోలేదు" అన్నాడు. ర్యాకులోంచి 14 పౌండ్ల పాత పాలియెస్టర్ తీసి ఆడితే గౌరవం కాస్త దక్కింది.

కాబట్టి మీకు నా సలహా: ముందు బంతి కాదు, వేళ్ళ కొలత. ర్యాకులో బంతి రంధ్రాలు అందరికీ పట్టేలా పెద్దవిగా ఉంటాయి. జారిపోతుందనే భయంతో గట్టిగా బిగిస్తారు, బిగిస్తే బొటనవేలు ఆలస్యంగా బయటికొస్తుంది, స్పిన్ అక్కడే చచ్చిపోతుంది. కిటుకంతా బొటనవేలు ముందు వచ్చేయడంలో ఉంది. అది వచ్చాక లోపల మిగిలిన మధ్యవేలూ ఉంగరపు వేలూ బంతిని కిందనుంచి పైకి ఒక గుంజు గుంజుతాయి. చేయి అప్పుడు ఎదుటివాడికి షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు ఉండాలి. మీరు చేస్తున్న మెలితిప్పుడు వల్ల అక్షం పక్కకి పోతోంది గానీ చుట్లు పెరగట్లేదు. పైగా మణికట్టు నొప్పి ఉచితం.

మీ చుట్లు ఎన్నో కొలుచుకోవడం తేలిక. బంతి మీద తెల్ల టేపు ముక్క అతికించి, వెనకనుంచి ఫోన్‌లో స్లోమోషన్ తీయించండి. చేయి వదిలాక మొదటి ఒక్క సెకనులో (స్లోమోషన్ సెకను కాదు, అసలు సెకను) టేపు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి అరవైతో గుణించండి. రెండుసార్ల లోపే వస్తే ఏ బంతి కొన్నా డబ్బులు గట్టర్‌లో పోసినట్టే. నాలుగు దాటిందంటే అప్పుడు మీ చేతి కొలతకి రంధ్రాలు వేయించుకుని, నున్నటి పైపొర ఉన్న మామూలు రియాక్టివ్ బంతి ఒకటి తీసుకోండి. పాలియెస్టర్‌ని మాత్రం వదలకండి. మూలనున్న 10వ పిన్ను ఒక్కటే మిగిలినప్పుడు తిన్నగా పోయే బంతే కావాలి, మా లీగ్‌లో అందరి సంచుల్లోనూ అదొకటి ఉంటుంది.